లోపల ఎవరూ లేరు

బావి గిలక ఊడదీసి, చేంతాడుతో సహా భుజాన వేసుకొని ఈరప్ప పెరట్లో నుంచి వస్తున్నాడు. కూలోళ్లకు రొట్టెల గంప తీసుకొని పోతున్న కృష్ణవేణమ్మ నడవలో గోడకు ఒదిగి దారిచ్చింది. చేంతాటి నుంచి కారిన నీళ్లు బండల మీద చారగా పడ్డాయి.

"అదెందుకు తీస్తివిరా?" అని అడిగింది.

"రెడ్డి తీయమన్న్యాడమ్మా. నీళ్లు లేకుంటే నర్సమ్మ తనంతట తానే ఖాళీ చేస్తాదంట."

పెరట్లో జ్ఞానమణి ఖాళీ బిందె చంకన పెట్టుకొని బావిగట్టు దగ్గర నిలబడి ఉంది. ఆసుపత్రికి కట్టుకుపోయే తెల్లచీర, మోచేతుల దాకా రవిక. మునిసిపాలిటీ ఆసుపత్రిలో కాన్పులు చేసే ఆమెను ఆ చుట్టుపక్కల అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆమె ఈరప్పను చూడలేదు. కృష్ణవేణమ్మను చూసింది.

"నీళ్లు కూడా మీరే కొనుక్కున్న్యారా అమ్మా?"

కృష్ణవేణమ్మ గంప దించి కూలోళ్లను కేకేసింది. గానుగ ఆగింది. సున్నం తొక్కించే ఎద్దును నీడకు కట్టేసి, ఆడ మొగ కూలోళ్లు వరసగా కూర్చున్నారు. ఆమె ఒక్కొక్కరి చేతిలోకి జొన్నరొట్టె జారవిడిచి, పైన పుండుకూర పప్పు వేస్తూ పోయింది. చేతికి చెయ్యి తగలకుండా వెయ్యడం ఆమెకు అలవాటు. జ్ఞానమణి బిందె తీసుకొని వీధిలోకి పోయింది. నీళ్లకు ఎవరింటికి పోతుందో, ఎవరు పోస్తారో అనుకుంది కృష్ణవేణమ్మ. తరవాత పప్పు చాలుతుందో చాలదో అని చట్టిలోకి చూసుకుంది.

వచ్చే నెల ఒకటో తేదీకి ఆంధ్ర రాష్ట్రం వస్తుంది. కర్నూలు రాజధాని. మద్రాసు నుంచి ఆఫీసులు, గుమాస్తాలు, వాళ్ల పెళ్లాం పిల్లలు అందరూ వచ్చి ఈ ఊళ్లోనే తలదాచుకోవాలి. ఊరవతల గుడారాలు వేస్తున్నారు. గొడ్ల కొట్టాలకు కూడా వెల్ల వేసి అద్దె చెబుతున్నారు. పత్తికొండ పక్క పల్లె నుంచి వచ్చిన రెడ్డి, కృష్ణవేణమ్మ మొగుడు శేషన్న, ఈ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టాడు. పాత మిద్దెలు కొని, గోడలు గట్టిచేసి, మీద ఇంకో అంతస్తు లేపి, పూత ఆరకముందే ఆఫీసర్లకు అద్దెకిచ్చాడు. అట్లా రెండిళ్లు అయినాయి. మూడోది ఇది, కోట పక్క సందులో. హైదరాబాదుకు పోయిన ఒక ఖాన్‌సాబు అమ్మిన ఇల్లు. ముందుభాగం మీద మేడ లేచింది. కింద గదుల్లో శేషన్న, కృష్ణవేణమ్మ ఉంటూ పని చేయిస్తున్నారు. వెనకభాగం మీద మేడ లేపడానికి ఇనుప దూలాలు వచ్చి వీధిలో పడి ఉన్నాయి. ఆ వెనకభాగంలోనే రెండు గదుల్లో జ్ఞానమణి, ఆమె తల్లి కృపమణి ఖాన్‌సాబు కాలం నుంచి అద్దెకుంటున్నారు.

ఇల్లు మాత్రం కృష్ణవేణమ్మ పేరున ఉంది. దాన్ని కొనడానికి అమ్మింది ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన నల్లరేగడి చేను. తన అన్నదమ్ములు రేపు భాగం అడగకుండా శేషన్న ఆ ఏర్పాటు చేశాడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది. కానీ ఆ తరవాత సాయంత్రాలు కొత్త మెట్లెక్కి, తడిసున్నం వాసన పీల్చుకుంటూ, కిటికీలో నుంచి హంద్రి ఏటి దాకా చూసేటప్పుడు ఆమెకు బాగుండేది. కిటికీ తలుపులకు పచ్చరంగు వేయమన్నది ఆమే.

ఆ సాయంత్రం శేషన్న సున్నపు బట్టీల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే పీట మీద కూర్చున్నాడు.

"ఎల్లుండి ఇంజనీరు ఇల్లు చూసేకి వస్తాండాడు. అంతలోపల వెనకపక్క మిద్దె కప్పు దిగాల. దిగితేగాని ఆయప్పకిచ్చిన మాట నిలబడదు."

గోడవతల ముసలామె దగ్గు. రెండు రోజులుగా జ్వరమని కూలిమనిషి హనుమమ్మ చెప్పింది. కృష్ణవేణమ్మ రొట్టె వడ్డిస్తూ, "ముసలామెకు సూపు కూడా సరిగ ల్యా. వానలు పోయినాంక పంపిస్తే ఏమి?" అంది.

కంచం ఎప్పుడు లేచిందో ఆమె చూడలేదు. ఇత్తడి అంచు పెదవికి తగిలి, గోడకు కొట్టుకొని గిరగిరా తిరిగి పడింది. పప్పు ఆమె రవిక మీద, గోడ మీద చిందింది.

"సంతకం పెట్టిన్యావని ఇల్లు నీదనుకుంటాండావా?" అన్నాడు శేషన్న. గొంతు పెంచలేదు. "ఇంగో రొట్టె తే."

ఆమె ఇంకో కంచంలో రొట్టె తెచ్చిపెట్టింది. ఆయన తిని లేచిన తరవాత గోడ మీది పప్పు గుడ్డతో తుడిచింది. కొత్త సున్నం కాబట్టి పసుపు మరక పోలేదు. రేపు ఒక చెయ్యి వెల్ల కొట్టిస్తే సరి అనుకుంది.

మరుసటి రోజు పొద్దున్నే ఈరప్ప ఇద్దరు మనుషులను తీసుకొని వెనక గదుల్లోకి పోయాడు. ముందు చెంబులు, చట్లు వచ్చి పెరట్లో పడ్డాయి. తరవాత రేకు పెట్టె. పెట్టె మూత ఊడి తెల్లబట్టలు, దూది, సీసాలు బండల మీద చెల్లాచెదురయ్యాయి. ఒక సీసా పగిలి ఆసుపత్రి వాసన పెరడంతా కమ్ముకుంది. మూడో తడవ ఈరప్ప లోపలికి పోబోతుంటే జ్ఞానమణి గడపలో నిలబడింది. చేతిలో రోకలి.

"అద్దెల ఆఫీసరు తావ అర్జీ పెట్టినా. ఆయప్ప చెప్పేదాకా నన్ను కదిలించే హక్కు మీకు ల్యా."

"నాకు ఆఫీసర్లు తెలీదు నర్సమ్మా. నాకు రెడ్డే ఆఫీసరు. జరుగు."

అతను చెయ్యి పట్టి లాగాడు. రోకలి అతని నుదుటికి తగిలింది. ఎండిన కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. ఈరప్ప వెనక్కి తూలి, అరిచేత్తో నుదురు ఒత్తుకొని, చేతిని చూసుకున్నాడు. రక్తం కనుబొమ మీదుగా కంట్లోకి దిగింది. పల్లెలో శేషన్న పగోళ్ల మీదికి కత్తి పట్టుకొని ముందుపోయినవాడు. ఆడదాని చేతి దెబ్బ అతను ఎప్పుడూ తినలేదు. ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

శేషన్నకు తెలుసు. నాలుగంగల్లో వచ్చి జ్ఞానమణి కొప్పు చేతికి చుట్టుకొని తల దారబంధానికేసి కొట్టాడు. ఒకసారి కొట్టి, ఆగి, ఇంకోసారి కొట్టాడు. రోకలి జారిపోయింది. సందులో జనం గుమిగూడారు. గోడల మీదుగా తలలు లేచాయి. ఒక్కరూ లోపలికి రాలేదు.

"ఇడ్చు రెడ్డీ! ఆయమ్మను ఇడ్చు!" మన్నుగంప పడేసి హనుమమ్మ ఉరికివచ్చింది. "నా కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే ఆ చేతుల్తోనే నన్ను బతికించింది. దేవుడు సూస్తాడు, ఇడ్చు!"

శేషన్న ఆమెను కాలితో తన్నాడు. ఆమె గానుగ గాడిలో, తడిసున్నంలో పడింది.

కృష్ణవేణమ్మ నడవలో నిలబడి అంతా చూసింది. పెదవి ఉబ్బి ఉంది. దారబంధానికి తల తగిలిన ప్రతిసారీ ఆమె కళ్లు మూసుకుంది. జ్ఞానమణి అరవకపోవడం ఆమెకు వింతగా తోచింది. తనూ అరవదు. అరిస్తే ఇంకా కొడతారని ఆ నర్సమ్మకు కూడా ఎవరు నేర్పించారో!

వీధిలో జట్కా ఆగిన చప్పుడైంది. ఆసుపత్రి బంట్రోతు తోపులాడుకుంటూ జనంలో నుంచి వచ్చాడు. ఒక గుమాస్తా భార్యకు పొద్దుటి నుంచి నొప్పులంట, బిడ్డ రావడం లేదంట, డాక్టరమ్మ ఊళ్లో లేదంట. జ్ఞానమణి ముఖం చూసి అతను మాట మింగేశాడు. శేషన్న కొప్పు వదిలాడు. సర్కారు బంట్రోతు ముందర ఇంక కొట్టలేడు.

జ్ఞానమణి లేచి, చీర సర్దుకొని, తొట్టిలో మిగిలిన నీళ్లతో ముఖం కడుక్కుంది. చెంప నల్లబడి పైకి లేచింది. పెరట్లో పడిన వస్తువుల్లో నుంచి కత్తెర, బొడ్డుదారం, సబ్బు, సూదులు ఏరుకొని సంచిలో వేసుకుంది. లోపలికి పోయి తల్లికి దుప్పటి కప్పి వచ్చింది. జట్కా వైపు పోతూ నడవలో కృష్ణవేణమ్మ ముందర ఆగింది.

"అమ్మా, మా యమ్మ లోపల్నే ఉండాది. జొరంతో లేచే తట్టు ల్యా. ఈ కాన్పు అయితానే నేనొస్తా. అంతదాకా మిద్దె ముట్టద్దని చెప్పు. నేనొచ్చినాంక అమ్మను యాడికైనా తీసుకపోతా. ఇంగ మీతో కొట్లాడేకి నాకు బలం ల్యా."

కృష్ణవేణమ్మ తల ఊపింది.

"చెప్తావా?"

"చెప్తా పో."

జట్కా కదిలింది. గుర్రపు గిట్టల చప్పుడు సందు చివరికి పోయేదాకా శేషన్న మీసం దువ్వుకుంటూ ఆగాడు. తరవాత హనుమమ్మను, ఇంకో ఇద్దరు ఆడకూలీలను సున్నం తెమ్మని బట్టీలకు తరిమాడు. నుదుటికి గుడ్డ చుట్టుకున్న ఈరప్పను, నలుగురు మొగోళ్లను వెనక మిద్దె మీదికి ఎక్కించాడు.

కృష్ణవేణమ్మ పెరట్లోకి వచ్చి, "ఇదో, ముసలామె లోపల ఉండాది," అంది.

"తెలుసు. మన్ను రాలితే తనే లేచి పారిపోతాది. నువ్వు గమ్మునుండు."

మిద్దె మీద చవుడు తవ్వడం మొదలైంది. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, కట్టెల మీద తంగెడు కొమ్మలు, వాటి మీద మూరెడు మందాన మన్ను, ఆపైన వాననీళ్లు దిగకుండా పరిచిన చవుడు. ఎన్ని వానలు చూసిందో ఆ మిద్దె, పార దిగితే రాయిలా మోగింది. మొగోళ్లు మన్ను తవ్వి అంచు మీదుగా పెరట్లోకి దొర్లించారు. దుమ్ము లేచి ఎండకు ఎర్రగా కనపడింది.

కృష్ణవేణమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వెనక గది గడప దాకా పోయింది. ఆ గడప ఆమె ఎప్పుడూ తొక్కలేదు. లోపల నులకమంచం మీద కృపమణి గోడవైపు తిరిగి పడుకొని ఉంది. దుప్పటి మీద, తలవెంట్రుకల మీద సన్నగా మన్ను రాలుతోంది.

"అవ్వా! లెయ్యి, బయటికి రా!"

ముసలామె తల తిప్పింది. కళ్లలో తెల్లటి పొర. "మణీ, వచ్చినావా?"

"మణి కాదు. నేను, ఇంటామెను. మిద్దె దించుతాండారు. లేచి రా."

"మణి వచ్చేదాకా నేను యాడికీ రాను," అని ముసలామె మళ్లీ గోడవైపు తిరిగింది.

లోపలికి నాలుగడుగులు. చేయి పట్టుకొని లేపితే ఎముకల గూడు, ఎత్తుకొని అయినా తీసుకురావచ్చు. కృష్ణవేణమ్మ కుడికాలు ఎత్తింది కూడా. ఆ మంచం, ఆ చెమట వాసన, తానెప్పుడూ తాకని మనుషుల వంట పొయ్యి. అంతలో వెనక నుంచి మొగుడు పిలిచాడు. ఎత్తిన కాలు అట్లనే వెనక్కి తీసుకుంది.

మిద్దె మీద చవుడు, మన్ను అయిపోయాయి. కట్టెలు బయటపడ్డాయి. ఈరప్ప దూలం గోడలో దిగిన చోట గడ్డపార మోపి, కొట్టకముందు అంచు దగ్గరికి వచ్చి కిందికి తొంగిచూశాడు. ముఖమంతా దుమ్ము, ఎండిన రక్తం.

"అమ్మా! లోపల ఎవరన్నా ఉండారా?"

ఆమెనే అడిగాడు. శేషన్న పక్కనే నిలబడి ఆమె రెక్క పట్టుకున్నాడు. వేళ్లు కండలోకి దిగాయి.

"లోపల ఎవరూ లేరు. కొట్టరా," అన్నాడు.

ఈరప్ప ఇంకా ఆమెనే చూస్తున్నాడు. ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. వాచిన పెదవి లాగింది. రెక్క మీద పట్టు ఇంకా బిగిసింది. ఆమె నేల చూసింది.

ఈరప్ప వెనక్కి పోయాడు. గడ్డపార దెబ్బ ఒకటి, ఇంకొకటి. దూలం మొదలు పుచ్చిపోయి ఉండింది కాబోలు, అతను అనుకున్నట్టు మెల్లగా జారలేదు. ఒక్కసారి విరిగి, సగం మిద్దె దంతెలతో, కట్టెలతో, మిగిలిన మన్నుతో లోపలికి కూలింది. మిద్దె మీద ఉన్నవాళ్లు గోడ పట్టుకొని వేలాడారు. తలుపులో నుంచి దుమ్ము పొగలా తన్నుకువచ్చి పెరడు కనపడకుండా చేసింది.

ఆ దుమ్ములో నుంచి దగ్గు వినపడింది.

ఈరప్ప గోడ మీది నుంచి దూకాడు. "ఎవరూ లేరంటిరి గదప్పా!" అని అరుస్తూ లోపలికి దూరాడు. గడ్డపార పక్కన పడేసి వట్టి చేతులతో కట్టెలు లాగాడు, మన్ను తోడాడు. అతని గోళ్లు ఊడి రక్తం కారుతుంటే కృష్ణవేణమ్మ చూసింది. ఎప్పుడు గడప దాటిందో, ఎప్పుడు మోకాళ్ల మీద కూర్చుందో ఆమెకు తెలియలేదు. ఇద్దరూ కలిసి ముసలామె తలను, భుజాలను బయటికి తీశారు. నడుము మీద దూలం అడ్డంగా పడి ఉంది. అది కదల్లేదు. మిగతా నలుగురూ వచ్చి పట్టినా కదల్లేదు.

ముసలామె తల కృష్ణవేణమ్మ ఒళ్లో ఉంది. కళ్ల నిండా మన్ను. నోట్లో మన్ను. ఆమె చిటికెన వేలితో నోట్లోని మన్ను తీసింది.

"మణీ?"

కృష్ణవేణమ్మ చుట్టూ చూసింది. తరవాత, "ఊఁ," అంది.

"శానా సేపు చేస్తివే..."

"ఊఁ. వచ్చినా."

ముసలామె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గాజులు తగిలాయి. జ్ఞానమణి గాజులు వేసుకోదు. వేళ్లు గాజుల మీద కొంచెంసేపు ఆగి, ఒక్కొక్కటే తడిమాయి. తరవాత ముసలామె ఇంకేమీ అడగలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. దూలం తీయడానికి గడకర్ర తెచ్చేలోపలే ఆ పట్టు సడలింది.

బయట శేషన్న జనం అందరికీ కనపడేటట్టు ఈరప్పను పెరట్లోకి ఈడ్చుకువచ్చి, బావి చేంతాటిని రెండుపేటలు చేసి కొట్టాడు. "ముండాకొడకా! చూసుకోకుండా మిద్దె దించుతావా? ముసలిదాన్ని చంపితివి కదరా!" తడి ఆరని తాడు ఒంటికి చుట్టుకొని ఊడుతుంటే తోలు లేచివచ్చింది. ఈరప్ప చేతులు అడ్డం పెట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చొని, దెబ్బ దెబ్బకూ ఊగుతూ, గడపలో నిలబడ్డ కృష్ణవేణమ్మ వైపు చూశాడు. ఆమె చెబుతుందని కాసేపు చూశాడు. చెప్పదని తెలిసి తల దించుకున్నాడు.

పొద్దు వాలే వేళకు జ్ఞానమణి వచ్చింది. సందు మొదట్లోనే ఎవరో చెప్పినట్టున్నారు. పరుగెత్తలేదు. సంచి బావిగట్టు మీద పెట్టింది. తల్లిని పడుకోబెట్టిన తలుపుచెక్క పక్కన కూర్చొని, హనుమమ్మ తెచ్చిన నీళ్లతో కళ్లు, ముక్కు, చెవులు కడిగింది. పుట్టిన బిడ్డను కడిగినట్టు మడత మడతా కడిగింది. కృష్ణవేణమ్మ నడవలోనే నిలబడింది. జ్ఞానమణి ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

తెల్లవారింది. శేషన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి వెలగలేదు. ఆమె నిన్నటి చీరతోనే గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె వాచిన పెదవిని బొటనవేలితో ముట్టుకున్నాడు.

"వేణమ్మా. సబిన్‌స్పెక్టరు వస్తాండాడు. ఇంటి యజమానివి నువ్వు, నీ మాట రాసుకుంటాడు. ఈరప్ప తాగి, ఎవురికీ చెప్పకుండా మిద్దె ఎక్కినాడు. అంతే. ఒక్క మాట. వానికి నాలుగేండ్లు పడతాయి. వాని పెండ్లాం బిడ్లను నేను సాకుతా. ఏమంటావు?"

ఆమె ఆయన వేలి నుంచి ముఖం పక్కకు తీసుకుంది.

"ఇంగో మాట నీ నోట్లో నుంచి వస్తే," అని అదే గొంతుతో అన్నాడు శేషన్న, "నీ పుట్టింటికి నీ పీనిగె పోతాది."

సబిన్‌స్పెక్టరు వీధి అరుగు మీద కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. వయసులో ఉన్నవాడు, రాజధాని పనులతో నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. హెడ్డు కానిస్టేబుల్ మోకాలి మీద అట్ట పెట్టుకొని కాగితాలు సర్దుకున్నాడు. ఈరప్పను గానుగ గుంజకు కట్టేశారు. అతని వీపు మీద ఈగలు ముసురుతుంటే తోలుకోవడానికి చేతులు లేవు. పెరట్లో కృపమణిని పెట్టెలో పెట్టడానికి వడ్రంగి పలకలు కోస్తున్నాడు.

ఇంజనీరు చెప్పిన ప్రకారమే వచ్చాడు. జట్కా దిగి, మేడవైపు, పచ్చ కిటికీలవైపు చూసి, పోలీసులను చూసి, పెరట్లో రంపం చప్పుడు విని, ఏమిటని వడ్రంగిని అడిగాడు. విని, మళ్లీ జట్కా ఎక్కి కూర్చున్నాడు. శేషన్న రెండడుగులు అతని వెంట పోయి ఆగిపోయాడు.

"చెప్పండమ్మా," అన్నాడు సబిన్‌స్పెక్టరు. "ఈ ఇల్లు మీ పేరున ఉందా?"

"ఉండాది సారూ."

"నిన్న మిద్దె దించమని మీరు గానీ, మీ ఆయన గానీ చెప్పారా? లేక ఈ ఈరప్ప సొంతంగా ఎక్కాడా?"

శేషన్న ఆమె పక్కనే ఉన్నాడు. చేతిలో పోలీసుల కోసం తెచ్చిన నీళ్ల చెంబు. ఆమె గానుగ గుంజవైపు చూసింది. ఈరప్ప తల ఎత్తలేదు.

"ఈరప్ప అడిగినాడు సారూ," అంది కృష్ణవేణమ్మ. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. "మిద్దె మింద నుంచి వంగి, లోపల ఎవరన్నా ఉండారా అని నన్నే అడిగినాడు. ఎవరూ లేరని చెప్పింది నా మొగుడు."

హెడ్డు కలం ఆగింది.

"ముసలామె ఉండాదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను గడప దాకా పోయి చూసొచ్చినా. నర్సమ్మ పోతా పోతా నాకు చెప్పిపోయింది. తెలిసీ నోరు మూసుకున్న్యా."

సబిన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. "అమ్మా, ఒక్కసారి ఆలోచించుకోండి. ఈ మాట రాస్తే మీరు కూడా ముద్దాయి అవుతారు."

"రాసుకోండి."

చెంబు నీళ్లతో సహా ఆమె మూతిని తాకింది. శేషన్న పల్లెలో ఎద్దును కొట్టినట్టు చెయ్యి చాచి కొట్టాడు. ఇంకోసారి ఎత్తేలోపల కానిస్టేబుళ్లు ఇద్దరు పట్టుకున్నారు. ఆయన వాళ్లనూ ఈడ్చుకుంటూ ఆమె మీదికి వచ్చాడు. "నా అన్నం తిని! నా ఇంట్లో ఉండి!" అని అరిచాడు. ఇన్నేళ్లలో ఆయన అంత గొంతు పెట్టి అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. అది ఎవరో భయపడ్డ మనిషి గొంతులా ఉంది.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. కింది పెదవి చీలి, రక్తం గదవ మీదుగా రవికలోకి కారుతోంది. పన్ను ఒకటి నాలుకకు కదిలింది. హెడ్డు రాసింది చదివి వినిపించాడు. ఆమె తల ఊపి, కలం తీసుకొని, రక్తం చుక్క కాగితం మీద పడకుండా ఎడమచెయ్యి గదవ కింద పెట్టుకొని సంతకం చేసింది. ఈసారి ఎవరూ వేలు పెట్టి చూపించే పని లేకపోయింది.

"శవం లేచిన తరవాత మళ్లీ వస్తాం, మీరూ స్టేషనుకు రావాలమ్మా," అన్నాడు సబిన్‌స్పెక్టరు. ముందు శేషన్నను జట్కా ఎక్కించారు. ఈరప్పను విప్పి ఇంకో జట్కా వైపు నడిపించారు. ఆమె ముందర నుంచి పోతూ అతను ఆగాడు. ఆమె మూతి చూసి, కానిస్టేబుల్ తోయకముందే తనే నడిచాడు.

సందులో జనం అట్లనే ఉన్నారు. ఎవరూ అరుగు దగ్గరికి రాలేదు. హనుమమ్మ వచ్చి చూసి, "అమ్మో, పెదవి రెండుగా చీలిపాయె," అని పెరట్లోకి ఉరికింది.

జ్ఞానమణి సంచి తీసుకొని వచ్చింది. నిన్నటి చీరే కట్టుకొని ఉంది. చెంప మీది నలుపు కన్ను దాకా పాకింది. అరుగు మీద కృష్ణవేణమ్మకు ఎదురుగా కూర్చొని, సబ్బుతో చేతులు రుద్దుకొని, హనుమమ్మ పోసిన నీళ్లతో కడుక్కుంది. గదవ కింద వేళ్లు పెట్టి తల వెలుతురుకు తిప్పింది. దూదితో రక్తం ఒత్తి, సూదిలో దారం ఎక్కించింది.

"మందు ల్యా. సీసా పగిలిపోయింది. నొప్పి పుడతాది."

మొదటి కుట్టుకు కృష్ణవేణమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులతో అరుగు రాయి పట్టుకుంది. జ్ఞానమణి చెయ్యి మెత్తగా, తొందర లేకుండా కదిలింది. పెరట్లో రంపం ఆగి, మేకులు కొడుతున్న చప్పుడు మొదలైంది.

"ఇంతమందిలో నేను నీకే చెప్పి పోయినా," అంది జ్ఞానమణి. కళ్లు కుట్టు మీదనే ఉన్నాయి. "ఆడమనిషివని కాదు. ఇల్లు నీదని చెప్పినా. నువ్వు చెప్తానంటివి. ఆ ధైర్యంతోనే పోతి. ఆడ ఒక బిడ్డను బయటికి తీసి, కాళ్లు పట్టుకొని తట్టి ఏడిపిస్తాంటి. ఈడ అప్పుడు మా యమ్మ..."

దారం లాగింది. కృష్ణవేణమ్మ నోరు తెరిచింది. ముసలామె చివర తన చెయ్యి పట్టుకుందని, మణీ అని పిలిస్తే ఊఁ అన్నానని, గాజులు తడిమి తెలుసుకొని కూడా వదల్లేదని చెప్పాలనుకుంది. ఇంకా చాలా చెప్పాలనుకుంది.

"మాట్లాడద్దు," అంది జ్ఞానమణి. "కుట్టు ఊడిపోతాది."

ఆఖరి ముడి వేసి, దారం కత్తిరించి, కత్తెర తుడిచి సంచిలో పెట్టుకుంది. చేతులు మళ్లీ కడుక్కొని, తడిచేతులతోనే లేచి, తల్లి దగ్గరికి పోయింది.